తోకలేని పిట్ట

"అమ్మా, కొంప మునిగింది! ఈ ఉత్తరం చూపించావో, నిన్ను గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపేస్తారు!"

జడ సగంలో వదిలేసి తల్లి గబుక్కున కూతురి వైపు తిరిగింది. టైము ఎనిమిదిన్నర. పదింటికి బట్టల కంపెనీలో ఇంటర్వ్యూ. పాత యజమాని ఇంగ్లీషులో రాసిచ్చిన ఉత్తరం లేనిదే అక్కడ మాట్లాడనే మాట్లాడరు. ఆమె ఆరేళ్ళుగా మిషను తొక్కుతున్న టైలరింగ్ కొట్టు మాస్టారు, మూడు రోజులు తిప్పించుకుని నిన్ననే రాసిచ్చాడు.

"ఏం రాశాడే?"

"'షీ హార్డ్‌లీ వర్క్స్' అని. అంటే నువ్వు పనే చెయ్యవని!"

"అయ్యో! కష్టపడతానని రాస్తానన్నాడే!"

"అదే రాయబోయాడు పాపం. మనం 'నెమ్మది'కి 'గా' తగిలిస్తే నెమ్మదిగా అవుతుంది కదా? ఇంగ్లీషులో 'స్లో'కి 'లీ' తగిలిస్తే స్లోలీ. పని ఎలా చేశారో చెప్పే మాటకి ఆ తోక పెడతారు. కానీ అన్నిటికీ కాదు. 'కష్టపడి' అని చెప్పే 'హార్డ్' తోకలేని పిట్ట. తోక పెట్టావా, అర్థం తలకిందులే!"

"తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుందంటారు. ఇదేమో వీధి చివరికి కూడా పోయేలా లేదు." తల్లికి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. "పోనీ నువ్వే దిద్దెయ్యవే."

"నా రాత కనిపిస్తే దొంగ ఉత్తరమంటారమ్మా. పరుగెత్తు!"

పరుగెత్తింది. కొట్లో మాస్టారు బల్ల మీద గుడ్డ పరిచి గీతలు గీస్తున్నాడు. వేళ్ళనిండా సుద్ద, చెవి మీద ఎప్పటిలాగే ఎర్రపెన్ను. ఈ ఆరేళ్ళలో ఆయన్ని తప్పుపట్టినవాళ్ళు లేరు. కోపమొచ్చి కాగితం చింపేస్తే?

"మాస్టారూ... మా పాప... ఇక్కడ ఏదో తోక ఎక్కువైందంటోంది..."

ఆయన కాగితాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత ఖాళీగా ఉన్న ఆమె మిషను వంక చూశాడు. చివరికి ఎర్రపెన్ను తీసి, తోక కొట్టేసి, మాటలు అటూ ఇటూ మార్చి, పక్కన సంతకం పెట్టాడు.

"ముసలాణ్ణి కదమ్మా, పొరపాటు. పట్టింది పాపేనా? బాగా చదివించు."

పదింటికి, కంపెనీ మేనేజరు ఉత్తరం చదువుతూ సరిగ్గా ఎర్రగీత దగ్గర ఆగిపోయాడు. ఆమె వేలుతో సంతకం చూపించింది.

"ఆ దిద్దింది ఆయనే సార్... పక్కన సంతకం కూడా..."

"తెలుసమ్మా. ఈ ఎర్రసిరాని జన్మలో మర్చిపోతానా! మాస్టారు కష్టపడుతుందన్నారంటే ఇంకేం చూడాలి? రేపట్నుంచి వచ్చెయ్యి."

ఆమె రెండు చేతులూ జోడించింది.

"మీకూ బట్టలు కుట్టారా సార్?"

"బట్టలేంటి?" మేనేజరు నవ్వేశాడు. "స్కూల్లో మాకు ఇంగ్లీషు గ్రామర్ చెప్పింది ఆయనే!"