కరివేపకు కడుగునీళ్ళు

ఎండలు ముదిరిన ఆ రోజుల్లో కదిరిలో కొత్త ఇంటికి తోట వేయాలంటే ముందు నీళ్ళ బడ్జెట్ కుదరాలి. ఎక్కువ తాగే మొక్కను కొళాయికున్న మీటరే పట్టిచ్చేది. ఓబులేసు కొత్త ఇంటి మొక్కల జాబితాలో తోట అధికారి హసీనా వేపకూ కలబందకూ నీళ్ళు కేటాయించి, కుండీలోని కరివేపను కొట్టేసింది. అది అతని భార్య సుంకమ్మ చనిపోయే ముందు నాటిన మొక్క.

“దీన్ని పీకేయాల్సిందే, పెద్దాయనా.”

“నన్నూ పీకేయమ్మా. ఇంకా నీళ్ళు మిగుల్తాయి,” అన్నాడు ఓబులేసు.

“ఇన్నాళ్ళూ దీనికేం పోస్తాండావు?”

“బియ్యం కడిగిన నీళ్ళు. మా సుంకమ్మ కొళాయి నీళ్ళు ఏనాడు పోసింది గనక!”

“ముందే చెప్పకూడదా? కడుగునీళ్ళు లెక్కలోకి రావు.” హసీనా కరివేపను మళ్ళీ చేర్చింది.

ఓబులేసు కుండీ ఎత్తడానికి వంగాడు.

“ఒక్క పూటే వండుకుంటావంట గదా, ఆ నీళ్ళు చాలతాయా?”

“ఇంక రెండు పూటలా వండుతాలే,” అంటూ అతను కుండీని, మొక్క నాటడానికి తవ్విన గుంట దగ్గరికి మోసుకెళ్ళాడు.