మోటారుకి వచ్చిన ఫోన్లు

"ఏటి తాతా, రోజూ ఇక్కడే తగలడతావు?"

కిరణ్ బాబు అరుపుకి, మంచినీళ్ల ట్యాంకు కింద కూర్చున్న ముసలాయన ఉలిక్కిపడి సెల్‌ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఊరికేనే బాబూ. ట్యాంకు నిండగానే ఎలిపోతాను."

"నిండితే నీకేటి, నిండకపోతే నీకేటి? అది సూసుకోడానికి మెషిన్లున్నాయి."

ఉన్నాయి మరి. 2008లో నర్సీపట్నానికి అదో వింత. ట్యాంకులో ఒక డబ్బా, బలిఘట్టం ఏటి ఒడ్డున మోటారు దగ్గర ఇంకో డబ్బా. రెండింట్లోనూ సిమ్ కార్డులే, వాటి నంబర్లు డబ్బాల మీదే రాసుంటాయి. నీళ్లు అడుగంటితే ట్యాంకు మోటారుకి రింగిస్తుంది, మోటారు తిరుగుతుంది. నిండితే మళ్లీ రింగిస్తుంది, ఆగిపోతుంది. మధ్యలో నరమానవుడితో పనిలేదు.

బిగించింది కిరణ్ బాబే. మూడు నెలలు ఒక్క పూట కూడా కుళాయిలు ఆగకపోతే కంపెనీలో అతని ఉద్యోగం పర్మనెంటు. ఆగితే ఇంటికే. ఆ సంగతి టీ కొట్టులో అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ చెప్పుకునేవాడు.

రేపటితో గడువు తీరుతుంది. ఇంజనీరు మన్మథరావు గారు చూడ్డానికొస్తున్నారు. కిరణ్ బాబుకి మూడు రోజులుగా తిండి సయించదు, ఒక చోట కాలు నిలవదు. ఇలాంటప్పుడు ఈ ముసలాయనొకడు! వైర్లు కోసుకుపోడానికే కాచుకున్నాడని అతని అనుమానం.

"ఒక్క పావుగంట బాబూ."

"లెగు ముందు. మళ్లీ కనిపిస్తే స్టేషన్లో అప్పగిస్తాను."

చెయ్యి పట్టుకుని గేటు బయటకు నెట్టి తాళం వేశాడు. ముసలాయన రోడ్డవతల నిలబడి చీకటి పడేదాకా ట్యాంకు కేసే చూసి వెళ్లిపోయాడు.

మర్నాడు వేకువనే వచ్చి చూస్తే ట్యాంకు ఖాళీ. మోటారు తిరగడం లేదు.

కిరణ్ బాబు నిచ్చెనెక్కి డబ్బా మూత తీశాడు. లోపల బోర్డు మాడిపోయి, తుప్పు కూడా పట్టేసింది. తన ఫోన్ నుంచే మోటారుకి రింగిచ్చాడు. కాసేపటికి పైపులో నీళ్ల చప్పుడు వినిపించింది. ఆరింటికల్లా కుళాయిలు వచ్చేశాయి.

ఎనిమిదింటికి మన్మథరావు గారు వచ్చి, "మెషినంటే ఇదీ," అని సంతకం పెట్టేసి వెళ్లారు.

ఉద్యోగం నిలిచింది. మనసే నిలవలేదు. కిరణ్ బాబు బండేసుకుని మోటారు దగ్గరికి పరుగెత్తి, డబ్బాలో వచ్చిన కాల్స్ చూశాడు. ట్యాంకు ఆఖరుసారి రింగిచ్చి నలభై రోజులైంది. అప్పట్నుంచీ నిన్నటిదాకా పొద్దునా సాయంత్రం రింగిచ్చింది వేరే నంబరు, ఒకే నంబరు.

దానికి ఫోన్ చేశాడు. ఒకావిడ ఎత్తింది.

"ఈ నంబరు ఎవరిదమ్మా?"

"మా ఆయన జ్ఞానరాజుదండీ. ఫోను నాకిచ్చేసి పొద్దున్నే యలమంచిలిలో రైలెక్కేసారు. ఎక్కడో వాచ్‌మేన్ పనంట. ట్యాంకు కాడికి రావొద్దని నిన్నెవరో తరిమేసారంట. ఇంక ఈ ఊళ్లో నాకేటి పనుందని ఎల్లిపోనారండీ."

"ఆయన... మోటారుకి ఎందుకు రింగిచ్చేవారమ్మా?" అడిగాడు కిరణ్ బాబు.

"డబ్బాలొచ్చాక ఆయన్ని తీసేసారు గానండీ, ఇరవయ్యేళ్లు ఆ మోటారు ఆపరేటరు ఆయనే. డబ్బా సెడిపోయిందని ఆఫీసులో సెప్పండి, మిమ్మల్ని మళ్లీ పిలుస్తారు అని ఎంత పోరినా ఇన్నారు కాదు, నా ఉద్దోగం ఎలాగూ పోయింది, ఆ కుర్రోడిది కూడా ఎందుకు పోగొట్టాలి అన్నారండీ."