రిజెక్ట్ ముక్క

"ఈ ఏడాది ముక్క ఏదండీ?" ఆయుధ పూజకు పీట వేస్తూ అడిగింది కుసుమ.

ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద తన చేతిలో రిజెక్టయిన ముక్కొకటి ఏటా తెచ్చి బొట్టు పెడతాడు ఫణీంద్ర. ఇకమీదట ఒక్కటీ చెడిపోకూడదని మొక్కుకుంటాడు. నిరుడు తెచ్చింది మోకాలి ఆపరేషన్లో వాడే స్క్రూ.

"ఈసారి ఒక్కటీ రిజెక్ట్ కాలేదు."

"కంగ్రాట్స్! ఏం చేస్తున్నారేంటి?"

"బుల్లెట్లు. లాంగ్ రేంజ్ రైఫిళ్లకి. సీసం ఉండదు, మొత్తం రాగే. వెంట్రుకవాసి తేడా రానివ్వం. కిలోమీటరు అవతలున్న మనిషికైనా సూటిగా తగుల్తాయి."



కుసుమ కొబ్బరికాయ అందుకుంది. "ఎప్పటి మొక్కేనా?"

"వద్దు," అన్నాడు తలెత్తకుండా. "ఒక్కటైనా గురి తప్పాలని మొక్కు."