ముప్పై ఒకటో దూడ

డ్రోన్లు అడవిలోంచి దొడ్లోకి తోలుకొచ్చిన దూడలన్నిటికీ కంపెనీ వేసిన చెవిబిళ్ళలున్నాయి. బిళ్ళల్లోని యంత్రపు ఈల మోగగానే ముప్పై దూడలు వరుసలో నిలబడ్డాయి. ముప్పై ఒకటోది కదల్లేదు.

"ఇది మాటినని రకం పెద్దమ్మా. కోతకు పంపాలె," ఈదమ్మతో అన్నాడు కంపెనీ మనిషి.

ఆమె ఇంట్లో దూడను తల్లి పేరుతో పిలిచి పాలకు విడవడం ఆనవాయితీ. రెండు నెలల కిందట యంత్రం ఆ పని లాక్కుంది. తన గొంతును దూడలు మరిచాయేమోనని ఈదమ్మకు లోలోపల భయం. అయినా పిలిచింది.

"సుక్క బిడ్డా, రావే!"

దూడ పరుగున వచ్చి ఆమె చేయి నాకింది.

"మాటింటది కొడుకా. నీది మాట గాదు, ఈల."

ఈదమ్మ దొడ్డి తలుపు బార్లా తీసి, మిగతా తల్లుల పేర్లూ పిలవసాగింది. ఈల మోగుతూనే ఉంది. రెండో పేరుకే వరుస చెదిరింది.