బీరప్ప తాత సీడీ

మేళ్లచెరువు దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఆ రాత్రి డ్యూటీ నిరోషది, ఆమె ఒక్కతే. తెల్లారితే తాత బీరప్ప పెద్దకర్మ. ఆయన చెప్పిన ఒగ్గుకథ సీడీ ఒకటే మిగిలింది, దాన్ని తిప్పగలిగే సీడీ డ్రైవు ఉన్నది ల్యాబులోని పాత యూనిక్స్ కంప్యూటరుకే. పుట్టి బుద్ధెరిగి పాట పాడని ఆ మిషన్‌కు సౌండ్ డ్రైవర్ ఎక్కించేసరికి పదకొండయింది. చిన్న స్పీకరు తగిలించి, కథ ఇంటికి పట్టుకుపోదామని పక్కనే ఫోన్‌లో రికార్డింగు పెట్టింది.

"రాజు అడివికి వోయిండు బిడ్డా" అని తాత ఆగాడు.

చిన్నప్పటి అలవాటు కదా, నిరోష "ఊ" కొట్టింది. కథ సాగింది. మాట మాటకూ ఆయన ఆగడం, ఈమె ఊ కొట్టడం. ఏదో అనుమానం వచ్చి ఒకసారి ఊరుకుంది. తాత కూడా ఊరుకున్నాడు. తెరమీద సెకన్లు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. నిమిషం దాటింది.

"నిద్రవోయినవా బిడ్డా? ఊ కొట్టెటోళ్లు లేకుంటే కథ ఈడికే బంద్."

కథ ఆగిపోతే రేపు వినిపించడానికి ఏమీ ఉండదు. ఊ అనబోయి నోరు తెరిచింది.

తలుపుకు లోపల గడియ వేసే ఉంది. ఆమె కుర్చీ వెనక నుంచి, ఎవరో తాపీగా "ఊ" అన్నారు.

తాత కథ అందుకున్నాడు.