నలభై రెండు బస్సులు

యాకయ్య తోలుతున్న బస్సు వంతెన పక్కనుంచి జారి, నేరుగా పోయి చెరువులో పడింది.

“బాపూ! కింది బాణం నొక్కితే బ్రేకు. నువ్వు పై బాణం నొక్కుతవేంది?” కళ్యాణి నెత్తి కొట్టుకుంది.

లాప్‌టాప్ తెర మీద నాలుగు బుడగలు లేచాయి. ‘మళ్లీ ఆడు’ అని ఒక పచ్చ బటన్ వెలిగింది. యాకయ్య నొక్కాడు. తళతళలాడుతూ కొత్త బస్సు వచ్చి నిలబడింది.

ఆయన అలా చూస్తుండిపోయాడు.

అంతకు ముందు సోమవారం డాక్టరు ఆయన బీపీ చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “వచ్చే సోమవారానికి ఇది దిగకపోతే మీ ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం పెట్టను. పనికి పోవుడు బంద్. గోళీలు వేసుకోండి, కొంచెం నవ్వండి” అన్నాడు.

రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలున్నాయి. ఆ ఎనిమిది నెలలూ ఇంట్లో కూర్చోవడం తలచుకుంటేనే యాకయ్యకు ఊపిరాడలేదు. ఉప్పు తగ్గించాడు. గోళీలు మింగాడు. పొద్దున్నే మహబూబాబాద్ స్టేషన్ దాకా నడిచి వచ్చాడు. ముఖం మాత్రం బిగుసుకునే ఉంది. నవ్వడానికి గోళీ ఏదీ దొరకలేదు.

శుక్రవారం కాలేజీ నుంచి రాగానే కూతురు కళ్యాణి లాప్‌టాప్ తెరిచి ముందు పెట్టింది. బ్రౌజర్‌లో ఆడుకునే ఆటలు, ఒక్క పేజీలో వంద. క్యారమ్స్ ఉంది, పేకాట ఉంది, చేపలు పట్టేది ఉంది. యాకయ్య వేలు అన్నిటినీ దాటుకుంటూ పోయి బస్సు బొమ్మ మీద ఆగింది.

రెండో బస్సు కరెంటు స్తంభానికి గుద్దుకుంది. మూడోది బర్రెల మందలోకి దూరింది. బర్రెలు గాల్లోకి లేచి, గిరగిరా తిరిగి, నాలుగు కాళ్ల మీద దిగి మళ్లీ గడ్డి మేయసాగాయి.

యాకయ్య నవ్వాడు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

ఆ నవ్వు విని వెంకటనర్సమ్మ వంటింట్లోంచి గంటెతోనే వచ్చింది. మొగుడి భుజం మీదుగా తొంగి చూసింది.

“గదేం తోలుడయ్యా! పాపం, బర్రెలు నిన్నేమన్నయ్?”

“ఏం గాలేదే. చూడు, మేస్తనే ఉన్నయ్.”

ఆదివారం కొడకండ్ల నుంచి బామ్మర్ది ఐలేశ్ వచ్చాడు. బస్సు గడ్డివాములో దూరడం, పెంకుటిల్లు ఎక్కడం, బోర్లా పడటం ఓపికగా చూశాడు.

“బావా, గిట్ల తోల్తే నీ బస్సు మేకపిల్ల గూడ ఎక్కది.”

“ఎక్కకుంటేనే మంచిదిరా. ఖాళీ బస్సైతేనే మజా.”

సాయంత్రానికి నలభై ఒక్క బస్సులు పోయాయి. కళ్యాణికి గుబులు పట్టుకుంది. తెల్లారితే డాక్టరు దగ్గరికి పోవాలి. ఇన్నిసార్లు ఓడిన మనిషికి బీపీ దిగుతుందా, ఇంకా ఎక్కుతుందా?

నలభై రెండో బస్సును ఆమె కన్నార్పకుండా చూసింది. రోడ్డు వెడల్పుగా ఉంది. ఎదురుగా ఒక్క బండి లేదు. యాకయ్య నాలుక కొసను పళ్ల మధ్య పెట్టుకుని, ఎంతో శ్రద్ధగా, చెరువు వైపు బాణం నొక్కాడు.

“బాపూ! కావాల్నని పడగొడ్తున్నవ్ నువ్వు!”

“సప్పుడు చెయ్యకు బిడ్డా.” యాకయ్య బుడగలను చూస్తూ అన్నాడు. “ఎవ్వలకన్న దెబ్బ తాకిందా? లేదు. ఎవ్వలన్న నిలదీసి అడిగిర్రా? లేదు. మల్ల కొత్త బస్సే ఇస్తున్నడు. గింత మంచోడు యాడుంటడు చెప్పు?”

సోమవారం డాక్టరు చేతికి బీపీ పట్టీ చుట్టాడు. అంకె చూసి, మిషన్‌ను అనుమానంగా తట్టి, మళ్లీ చుట్టాడు.

“నూట ముప్పై, ఎనభై నాలుగు. ఏం చేశారు యాకయ్య గారూ?”

“బస్సుల్ని చెరువుల పడగొట్టిన సార్.”

కళ్యాణి సిగ్గుతో కిటికీ వైపు తిరిగింది. డాక్టరు పడీ పడీ నవ్వి, కలం తీసి సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దున ఐదున్నరకు, ఇరవై ఆరేళ్లలో రోడ్డు మీద ఒక్క కోడిపిల్లకు కూడా దెబ్బ తగలనివ్వని ఆర్టీసీ డ్రైవర్ యాకయ్య, యాభై మంది ఎక్కిన జనగామ బస్సును మహబూబాబాద్ బస్టాండులోంచి మెల్లగా బయటికి తీశాడు.