పైనేముందక్కా?

రాకెట్లు ఎగరేసే చోట ఓ పెరడు ఉండేది. పిలవగానే ఏ జంతువు ముందు పరిగెత్తుకొస్తే దాన్నే మనుషులు ఆకాశంలోకి పంపేవారు. మొదట కుక్క వెళ్లింది. కిటికీ కూడా లేని ఇరుకు పెట్టెలో దారంతా వాంతులు చేసుకుంది. దిగగానే దండ వేశారు, ఫోటోలు తీశారు, మళ్లీ పంపుతామన్నారు. ఈసారి తనకంటే ముందు ఇంకెవరైనా పరిగెత్తేలా చూడాలనుకుంది కుక్క.

"పైనేముందక్కా?" అని కోతి అడిగింది.

కుక్క దండ సర్దుకుంది. "ఏం చెప్పమంటావు. చుక్క చుక్కకీ ఓ అరటిగెల వేలాడుతోంది. నాకు అరటిపళ్లు పడవు కాబట్టి వదిలేసి వచ్చాను."

మర్నాడు పిలుపు రాగానే కోతి అందరినీ తోసుకుంటూ పరిగెత్తింది. కుక్క కుంటుతున్నట్టు నటిస్తూ వెనకే ఉండిపోయింది.

కోతి తిరిగొచ్చింది. మెడలో దండ ఉంది, కళ్లు ఇంకా తిరుగుతున్నాయి. పళ్లు నూరుతూ తిన్నగా కుక్క మీదికే నడిచింది. కుక్క తోకని కాళ్ల మధ్య దాచుకుంది.

ఇంతలో మేక అడ్డొచ్చి, "పైనేముంది బావా?" అంది.

మనుషులు మళ్లీ గేటు తీస్తున్న చప్పుడు వినబడింది. కోతి ఓసారి కుక్క వైపు చూసి, మేక చెవి దగ్గరికి వంగింది.

"పచ్చగడ్డి. మోకాళ్ల లోతు. గొర్రెకి మాత్రం చెప్పకు."